పేలింది ఈ-సిగరెట్, కేస్ షీట్‌లో ఉన్నది సెల్‌ఫోన్

ప్రశ్న: మా తమ్ముడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ వాట్సాప్‌లో పరిచయమైన ఒకతని దగ్గర ఈ-సిగరెట్ కొన్నాడు. వారం రోజులుగా బాగా వేడెక్కుతున్నా వాడుతూనే ఉన్నాడు. ఒకరోజు ప్యాంటు జేబులోనే పేలి తొడ కాలింది, ఆపరేషన్ అయింది. ఇంట్లో తెలుస్తుందని ఆస్పత్రిలో సెల్‌ఫోన్ పేలిందని చెప్పాడు. పదహారు నెలలైంది, అమ్మ ఇంకా ఏడుస్తూనే ఉంది. ఫోన్ కంపెనీ మీద కేసు వేస్తే డబ్బులొస్తాయని స్నేహితులంటున్నారు. వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ కేసును తేల్చేది ఒక్కటే, కేస్ షీట్‌లో ఉన్న ఆ సెల్‌ఫోన్ మాట. ఎక్కడికి వెళ్లినా అవతలి లాయర్ ముందు తెరిచేది ఆ కాగితమే.

ఫోన్ కంపెనీ మీద కేసు ఆలోచన ఇవాళే మానుకోండి. పేలని ఫోన్‌ని ల్యాబ్‌కి ఎలా పంపుతారు? అబద్ధపు అఫిడవిట్ వేస్తే పరిహారం సంగతి అటుంచి మీ తమ్ముడే క్రిమినల్ కేసులో ఇరుక్కుంటాడు. తెలిసిన డాక్టర్‌తో కేస్ షీట్ దిద్దించే పని అసలే వద్దు. ఆ కథ మీదే ఇన్సూరెన్స్ కూడా తీసుకుని ఉంటే ముందు మీ లాయర్‌కి చెప్పండి, దాచొద్దు.

అసలు అబద్ధమాడాల్సిన అవసరమే లేదు. 2019లో వచ్చిన ఈ-సిగరెట్ల నిషేధ చట్టం తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, ప్రకటనల్ని నేరం చేసింది, అమ్మినవాడికి మొదటిసారికే ఏడాది వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. సొంతానికి వాడినవాడికి మాత్రం అందులో విడిగా శిక్ష రాయలేదు.

కాబట్టి దారి అమ్మినవాడి మీద వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదే. తయారీదారు ఎవరో తెలియనప్పుడు అమ్మినవాడిని బాధ్యుణ్ని చేసే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. నిషేధించిన వస్తువు బేరం చెల్లదని అతను వాదిస్తాడు, మనం అడిగేది బేరం సొమ్ము కాదు, ఒంటికైన నష్టానికి పరిహారం అని గట్టిగా నిలబడాలి. తేలిగ్గా గెలిచే కేసు అని నేను చెప్పను. పైగా 87వ సెక్షన్ ప్రకారం వస్తువుని తప్పుగా వాడినా, మార్చినా అమ్మినవాడు తప్పించుకోవచ్చు. వారం రోజులుగా చేతికి కాలుతున్న దాన్ని తాళాలు, చిల్లర ఉండే జేబులో వేసుకు తిరగడం ఎంత నిర్లక్ష్యమో మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి, ఎందుకంటే ఆ ప్రశ్న అక్కడ తప్పకుండా వస్తుంది. దాన్ని ఫోన్ ఫాస్ట్ ఛార్జర్‌కి పెట్టాడా, బ్యాటరీ మార్చాడా? నిజం నాకు కాకపోయినా మీ లాయర్‌కి తెలియాలి.

ఆ ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, అదే చట్టంలోని 69వ సెక్షన్. మీకు మిగిలింది ఎనిమిది నెలలే. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ముందు ఆస్పత్రికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి రికార్డుల కాపీ తీసుకోండి, 72 గంటల్లో ఇవ్వాలి. మొదట ఎందుకు అలా చెప్పాడో మీ తమ్ముడే అఫిడవిట్‌లో ఒప్పుకోవాలి, అప్పుడు పక్కన ఉన్న హాస్టల్ కుర్రాడెవరైనా సాక్ష్యం చెబితే దానికి బలం. వాట్సాప్ చాట్, యూపీఐ చెల్లింపు వివరాలు తీసి, భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు జతచేసే సర్టిఫికెట్‌తో సిద్ధం చేయించండి. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి.

కాలిన పరికరం, ఛార్జర్, డబ్బా ఇంకా ఉన్నాయా? ఉంటే కడగొద్దు, విప్పొద్దు, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు, దెబ్బతిన్న లిథియం సెల్ తర్వాతైనా అంటుకోవచ్చు. ఫొటోలు తీసి రేకు డబ్బాలో, మంటపట్టే వస్తువులకు దూరంగా ఉంచండి. ల్యాబ్‌కి పంపమని కమిషన్‌ని మీ లాయర్ అడుగుతారు. అమ్మినవాడి మీద పోలీసు ఫిర్యాదు కూడా ఈ వారంలోనే ఇవ్వండి, అతని నంబర్ పనిచేస్తుండగానే.