హ్యావ్ అంటే ‘కలిగి ఉండు’ అని నేర్చుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది

మీరు అడిగినవి రెండు. ఇంటర్వ్యూలో "ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్" అంటే తప్పని దిద్దారు, అది ఎందుకు తప్పు? "హ్యావ్ హ్యాడ్", "హ్యాడ్ హ్యాడ్" అంటూ ఒకే మాట రెండుసార్లు ఎందుకొస్తుంది? వీటికి విడివిడిగా సూత్రాలు బట్టీ పట్టే ముందు, హ్యావ్‌కి బడిలో మనకు చెప్పిన అర్థాన్ని ఒకసారి తిరగేసి చూద్దాం. అసలు మెలిక అక్కడుంది.

బడిలో హ్యావ్ అంటే ‘కలిగి ఉండు’ అని చెప్తారు. ఆ మాట ఇంట్లో ఎవరైనా వాడతారా? పెళ్లిలో పక్కన కూర్చున్నావిడ "మీరు ఎంతమంది పిల్లలను కలిగి ఉన్నారు?" అని అడగదు. "మీకెంతమంది పిల్లలండీ?" అంటుంది, అందులో క్రియే లేదు. ‘కల’ అనే పాత క్రియకు అర్థం కూడా ఉండటమే. "ఇల్లు అద్దెకు కలదు" అన్న బోర్డుకు ఇల్లు ఉందనే అర్థం, ఇల్లు దేన్నో కలిగి ఉందని కాదు. ఇంగ్లిష్ క్రియకు తెలుగులో జోడు దొరకక, పాఠ్యపుస్తకాలు ‘కలిగి ఉండు’ను ముందుకు తెచ్చాయి.

నిజానికి తెలుగులో ఈ పనంతా ‘ఉండు’ చేస్తుంది. ఎవరికి ఉందో ఆ మనిషికి కి, కు తగిలిస్తాం, లేదంటే ‘దగ్గర’ చేరుస్తాం. ఉన్న వస్తువే కర్త. "మా అక్కకి ఇద్దరు పిల్లలున్నారు" అన్న వాక్యంలో ‘ఉన్నారు’ అన్నది పిల్లలను బట్టి వచ్చింది, అక్కను బట్టి కాదు. ఇంగ్లిష్‌లో వాక్యం తిరగబడుతుంది. అక్క కర్త అవుతుంది, పిల్లలు కర్మ అవుతారు: "మై సిస్టర్ హ్యాజ్ టూ చిల్డ్రన్". మనవాళ్లు "మై సిస్టర్ హ్యావ్ టూ చిల్డ్రన్" అనడానికి ఒక కారణం ఇదే. తెలుగు చెవి క్రియను పిల్లలతో ముడిపెడుతుంది, పిల్లలు ఇద్దరు కాబట్టి నోట్లోంచి హ్యావ్ వచ్చేస్తుంది. వాక్యం మొదలుపెట్టే ముందు ‘కి’ ఎవరికి తగిలిందో చూసుకోండి. హ్యావా, హ్యాజా అన్నది ఆ మనిషిని బట్టే తేలుతుంది.

హిందీలో కూడా మనలాగే ‘మేరే పాస్ హై’ అంటారు. ఇంగ్లిష్ హ్యావ్‌కి మూలార్థం చేత్తో పట్టుకోవడం. లాటిన్‌లో ‘హాబేరే’ అనే క్రియ చూడ్డానికి దీని అన్నదమ్ములా ఉంటుంది కానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. చుట్టరికమంతా పట్టుకోవడం అనే అర్థమున్న ‘కాపేరే’తో. క్యాప్చర్ అన్న మాట అక్కణ్నుంచి వచ్చిందే. అంటే ఇంగ్లిష్ వాక్యం మనిషి చేతి వైపు నుంచి చూస్తుంది, మన వాక్యం వస్తువు ఎక్కడుందో చూస్తుంది. డబ్బున్నవాళ్లను, లేనివాళ్లను ఇంగ్లిష్‌లో ‘ది హ్యావ్స్’, ‘ది హ్యావ్ నాట్స్’ అంటారు. మనం ‘ఉన్నవాళ్లు’, ‘లేనివాళ్లు’ అంటాం. రెండు భాషల తేడా మొత్తం ఈ జంటలో కనిపిస్తుంది.

మనకున్న ఒక సూక్ష్మం ఇంగ్లిష్‌లో పోతుంది. "నాకు డబ్బుంది" అంటే ఆస్తిపరుణ్ని అని, "నా దగ్గర డబ్బుంది" అంటే ఇప్పుడు జేబులో ఉందని. ఇంగ్లిష్‌లో రెండూ "ఐ హ్యావ్ మనీ". జేబులో ఉన్న సంగతే చెప్పాలంటే చివర ‘ఆన్ మీ’ చేర్చాలి. ‘నియర్ మీ’ మాత్రం వద్దు, దానికి పక్కన, చుట్టుపక్కల అని అర్థం. "ఈ ఇంట్లో మూడు గదులున్నాయి" లాంటి చోట కూడా హ్యాజ్ చక్కగా సరిపోతుంది: "దిస్ హౌస్ హ్యాజ్ త్రీ రూమ్స్".

ఇక మీ "హ్యావింగ్ టూ సిస్టర్స్" సంగతి. ‘కలిగి ఉన్నాను’ను ముక్కలు చేసి చూడండి. ‘ఉన్నాను’కి ‘ఐ యామ్’, ‘కలిగి’కి ‘హ్యావింగ్’. తప్పు తయారైన తీరు ఇదే. ఆ వాక్యాన్ని బడి అర్థంతో మాటకు మాట పేర్చారు. ఇంగ్లిష్‌లో ఐఎన్‌జీ రూపం జరుగుతున్న పనికి వస్తుంది. అక్కలుండటం పని కాదు, స్థితి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. "వుయ్ ఆర్ హ్యావింగ్ ఎ బేబీ" అంటే మాకు బిడ్డ పుట్టబోతోందని అర్థం. ఉన్న పిల్లల గురించి "వుయ్ ఆర్ హ్యావింగ్ టూ డాటర్స్" అంటే కవలలు పుట్టబోతున్నారేమో అనుకుంటారు.

పరీక్ష తేలిక. హ్యావ్ స్థానంలో తినడం, తాగడం, జరపడం, పడటం వంటి క్రియ ఏదైనా పెట్టి ‘-తున్నాను’ అనగలరేమో చూడండి. "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" అంటే తింటున్నాను, సరైనదే. "వుయ్ ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్" అంటే మీటింగ్ జరుపుకుంటున్నాం, ఇదీ సరైనదే. "ఐ యామ్ హ్యావింగ్ ట్రబుల్ విత్ దిస్ ఫోన్" అంటే ఈ ఫోన్‌తో ఇబ్బంది పడుతున్నాను, అదీ సరే. అక్కలు, ఇల్లు, అనుభవం, డిగ్రీ, సందేహం, వీటితో ఏ ‘-తున్నాను’ కుదరదు కాబట్టి "ఐ హ్యావ్ ఎ డౌట్", "ఐ హ్యావ్ త్రీ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్". జ్వరం దగ్గర జాగ్రత్త. మనం "జ్వరం వస్తోంది" అంటాం కాబట్టి హ్యావింగ్ అనాలనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో అది "ఐ హ్యావ్ ఎ ఫీవర్". జలుబుకి, తలనొప్పికి కూడా ముందు ‘ఎ’ ఉంచాలి. షుగర్ ఉంటే ‘ఎ’ లేకుండా "ఐ హ్యావ్ డయాబిటిస్".

ప్రశ్నల్లో, కాదనే మాటల్లో ఎక్కువగా దొర్లేది ఒక్కటే తప్పు: "డిడ్ యు హ్యాడ్ లంచ్?", "షి డజంట్ హ్యాజ్". డిడ్ అన్నప్పుడే గతకాలం వచ్చేసింది, డజంట్‌లోనే హ్యాజ్‌లో ఉన్న ‘స్’ వచ్చేసింది. తర్వాత మిగిలేది మారని హ్యావ్: "డిడ్ యు హ్యావ్ లంచ్?", "షి డజంట్ హ్యావ్".

రెండో ప్రశ్నకొద్దాం. హ్యావ్ రెండు ఉద్యోగాలు చేస్తుంది. ఒకటి సొంతంగా అర్థమున్న క్రియ: ఉండటం, తినడం. రెండోది వేరే క్రియకు ముందు నిలబడే ఊతక్రియ, దానికి సొంత అర్థమంటూ లేదు. ‘ఐ హ్యావ్ ఈటెన్’లో ఉన్నది ఈ రెండో రకం. ఊతక్రియ తర్వాత అసలు క్రియ మూడో రూపంలో రావాలి. ఆ అసలు క్రియ కూడా హ్యావే అయితే దాని మూడో రూపం హ్యాడ్. అందుకే "ఐ హ్యావ్ హ్యాడ్". ఒకే మాట రెండుసార్లు కాదు, ఊతం ఒకటి, పని ఒకటి. "ఐ హ్యావ్ హ్యాడ్ దిస్ ఫోన్ ఫర్ త్రీ ఇయర్స్" అంటే మూడేళ్లుగా ఈ ఫోన్ నా దగ్గరుంది, ఇప్పటికీ ఉంది. "ఐ హ్యాడ్ దిస్ ఫోన్ ఫర్ త్రీ ఇయర్స్" అంటే మూడేళ్లు ఉంది, ఇప్పుడు లేదు. ఒక్క హ్యావ్‌తో ఫోన్ చేతిలో ఉందో పోయిందో తెలిసిపోతుంది.

పలికేటప్పుడు ఊతం నలిగిపోతుంది: "ఐవ్ హ్యాడ్". మొదటిది చెవికి అందదు కాబట్టే మనకు అది అనవసరం అనిపిస్తుంది. పని చేసే హ్యావ్‌ని మాత్రం నలపకూడదు. "ఐవ్ ఎ పెన్" అని ఇప్పుడు పెద్దగా ఎవరూ అనరు.

"హ్యాడ్ హ్యాడ్" కూడా ఇదే లెక్క, ఇంకో మెట్టు వెనక్కి. "షి హ్యాడ్ హ్యాడ్ హర్ టిఫిన్ బిఫోర్ ది బస్ కేమ్": బస్సు వచ్చేసరికే ఆవిడ టిఫిన్ చేసేసింది. గతంలో రెండు పనులుంటే, ముందు జరిగిందానికి ఊతం హ్యాడ్. రెండో పని వాక్యంలో గానీ సందర్భంలో గానీ లేకపోతే ఈ హ్యాడ్ అక్కర్లేదు. మనవాళ్లు తరచూ "లాస్ట్ వీక్ ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి" అంటారు. వినేవాళ్లు "అయితే ఆ తర్వాత ఏమైంది?" అని ఎదురుచూస్తారు. వట్టి "ఐ వెంట్" చాలు.

ఊతం హ్యావ్ విషయంలో రెజ్యూమెల్లో కనిపించే తప్పు ఒకటుంది, దయచేసి మీది తీసి చూసుకోండి: "ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2019". జరిగిపోయిన తేదీ చెప్పగానే ఈ హ్యావ్ తప్పుకోవాలి. "ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2019" అనాలి, లేదా ఏడాది తీసేసి "ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్" అనాలి. తెలుగులో ‘పూర్తి చేశాను’ రెండింటికీ సరిపోతుంది కాబట్టి తేడా మనకు తట్టదు. నిన్న, పోయిన నెల, 2019లో, ఇవి హ్యావ్‌తో పొసగవు. ఇంకా జరుగుతున్నదానికి మాత్రం హ్యావ్ కావాలి. "ఐదేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అన్నదాన్ని "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" చేయకండి. మనకు ‘నుంచి’ ఒక్కటే, వాళ్లకు రెండు. మొదలైన తేదీ అయితే సిన్స్, గడిచిన కాలమైతే ఫర్. కాబట్టి "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్", లేదా "సిన్స్ 2019".

హ్యావ్ టు అంటే ‘-ఆలి’: "ఐ హ్యావ్ టు గో", వెళ్లాలి. పలుకుబడిలో అది "హ్యాఫ్ టు", హ్యాజ్ టు అయితే "హ్యాస్ టు". దీన్ని కాదన్నప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. "యు డోంట్ హ్యావ్ టు టేక్ దిస్ ట్యాబ్లెట్" అంటే ఈ మాత్ర వేసుకోనక్కర్లేదు, వేసుకున్నా తప్పులేదు. "యు మస్ట్ నాట్ టేక్ దిస్ ట్యాబ్లెట్" అంటే వేసుకోకూడదు. అక్కర్లేదుకి, కూడదుకి మధ్య తెలుగులో ఎంత దూరముందో అక్కడా అంతే ఉంది. పెద్దవాళ్లకు మందుల సంగతి అనువదించి చెప్పేటప్పుడు దీన్ని తారుమారు చేయొద్దు.

మీరు అడగలేదు కానీ ఒకటి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఇక్కడ తెలుగు మనకు అడ్డం కాదు, సాయం. కటింగ్ చేయించుకున్నాను, ఇల్లు కట్టించాం, బండి బాగు చేయించాను. ఈ ‘-ఇంచు’కి ఇంగ్లిష్ హ్యావే: "ఐ హ్యాడ్ మై హెయిర్ కట్", "వుయ్ హ్యాడ్ ఎ హౌస్ బిల్ట్", "ఐ హ్యాడ్ మై బైక్ రిపేర్డ్". వరస ముఖ్యం: హ్యావ్, తర్వాత వస్తువు, తర్వాత మూడో రూపం. వస్తువును చివరికి జరిపి "ఐ హ్యాడ్ కట్ మై హెయిర్" అన్నారంటే అర్థం మారిపోతుంది, అంతకుముందే నా జుట్టు నేనే కత్తిరించుకున్నానని. ఎవరి చేత చేయించారో చెప్పాలంటే వస్తువు చోట ఆ మనిషి వస్తాడు, క్రియ మొదటి రూపంలో ఉండిపోతుంది: "ఐ హ్యాడ్ ది ఎలక్ట్రీషియన్ చెక్ ది ఫ్యాన్", ఎలక్ట్రీషియన్ చేత ఫ్యాన్ చెక్ చేయించాను. అయితే "షి హ్యాడ్ హర్ ఫోన్ స్టోలెన్" విని ఆవిడే ఫోన్ దొంగిలింపజేసిందనుకోకండి. వాక్యం కట్టు అదే అయినా, అక్కడ అర్థం ఆవిడ ఫోన్ ఎవరో కొట్టేశారని.