యూనివర్సిటీలో ధర్మనిధి ఉపన్యాసాలకు బయటివాళ్లు వెళ్లొచ్చా?

నెల్లూరు దగ్గర కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది కదా, అలాంటి చోట జరిగే తెలుగు, చరిత్ర ఉపన్యాసాలకు విద్యార్థులు కానివాళ్లని రానిస్తారా అని అడిగారు. మామూలుగా రానిస్తారు, టికెట్ ఉండదు.

కాకపోతే ఆహ్వాన పత్రంలో ఏం రాశారో చూసుకోండి. ‘ధర్మనిధి ఉపన్యాసం’ అని ఉంటే, ఎవరో దాత తమవాళ్ల పేరు మీద యూనివర్సిటీలో డబ్బు డిపాజిట్ చేశారన్నమాట. ఆ అసలు మొత్తాన్ని ముట్టుకోరు. ఏటా వచ్చే వడ్డీతోనే వక్త దారిఖర్చులు, పారితోషికం, శాలువా, టీ బిస్కెట్లు. వడ్డీ రేట్లు పడిపోతే ఢిల్లీ వక్త కాస్తా పక్క ఊరి ప్రొఫెసర్ అవుతారు (అదీ ఒకందుకు మంచిదే, తిక్కన గురించి నెల్లూరు మనిషి చెబుతుంటే వినాలి). ఈ ధర్మనిధి ఉపన్యాసాలు అందరికీ.

‘అతిథి ఉపన్యాసం’ మాత్రం డిపార్ట్‌మెంట్ తన పిల్లల కోసం పెట్టుకునేది. ముందుగా హెచ్‌ఓడీని (శాఖాధిపతిని) ఒక మాట అడగడం మర్యాద. సెమినార్‌కైతే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండొచ్చు.

పదిన్నరకని వేస్తారు గానీ జ్యోతి ప్రజ్వలన, వక్త పరిచయం, అధ్యక్షుల తొలిపలుకులు అయ్యేసరికి పదకొండు దాటుతుంది. అసలు సరుకు చివరి ప్రశ్నల్లోనే ఉంటుంది, భోజనాల వేళైందని లేచిపోకండి.