పాఠకుల ప్రశ్నలు: ఉన్న ఫైళ్లు పోకుండా హార్డ్‌డిస్క్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చవచ్చా?

ప్రశ్న: నేను ప్రొద్దుటూరులో చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. నా 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఆరేళ్ల పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు సుమారు 700 జీబీ ఉన్నాయి. ఈమధ్య ఎడిటింగ్ పూర్తయిన 9 జీబీ వీడియోను అందులోకి కాపీ చేయబోతే, జాగా ఉన్నా కూడా, ఫైలు మరీ పెద్దదని చూపించి కాపీ కావడం లేదు. డిస్క్ ఫ్యాట్32లో ఉందనీ, ఫార్మాట్ చేస్తే తప్ప ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మారదనీ తెలిసినవారు చెబుతున్నారు. ఉన్నవి చెరిగిపోకుండా మార్చే దారి ఉంటే తెలుపగలరు.

జవాబు: దారి ఉంది. అయితే ఆ దారి పట్టే ముందు చేయవలసిన పని ఒకటుంది, దానిని వదిలేసి మాత్రం దయచేసి ముందుకు వెళ్లవద్దు.

మొదట కారణం చూద్దాం. ఫ్యాట్32, ఎన్‌టీఎఫ్‌ఎస్ అనేవి డిస్క్‌లో ఫైళ్లను అమర్చి గుర్తుపెట్టుకునే రెండు పద్ధతులు. 1996లో విండోస్ 95 తర్వాతి కూర్పుతో వచ్చిన ఫ్యాట్32 పద్ధతిలో ప్రతి ఫైలు పరిమాణాన్నీ 32 బిట్ల సంఖ్యగా రాసుకుంటారు కనుక, ఒక్కొక్క ఫైలు 4,29,49,67,295 బైట్లకు, అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువకు మించడానికి వీలులేదు. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా ఈ హద్దు మారదు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఈ ఇబ్బంది లేదు. పైగా అది తాను చేయబోయే మార్పులను ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది కనుక, మధ్యలో కరెంటు పోయినా ఫైళ్ల పట్టిక చెదిరిపోయే అవకాశం తక్కువ.

విండోస్‌లోనే ఉన్న ‘కన్వర్ట్’ అనే ఆదేశం ఫ్యాట్32ను ఫార్మాట్ లేకుండానే ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మారుస్తుంది. మీ ఫైళ్లలోని సమాచారాన్ని అది ఉన్నచోటే ఉంచి, డిస్క్‌లోని ఖాళీ భాగంలో కొత్త పట్టికలను నిర్మించుకుంటుంది. సాధారణంగా పని సక్రమంగానే ముగుస్తుంది, కానీ మధ్యలో కేబుల్ కదిలినా, డిస్క్ అప్పటికే దెబ్బతిని ఉన్నా, మొత్తం 700 జీబీ ఒకేసారి చిక్కులో పడుతుంది. మీ దగ్గరున్నవి మీవి మాత్రమే కావు. ఇంటి పెద్దలను పోగొట్టుకున్నవారు ఏళ్ల తర్వాత మీ స్టూడియోకి వచ్చి అడిగే బొమ్మలవి. అందుకే రెండో ప్రతి లేకుండా కన్వర్ట్ చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

నా సలహా ఇది. కొత్త డిస్క్ ఒకటి కొని, దానిని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసి, పాతదానిలోనివన్నీ అందులోకి కాపీ చేయండి. యూఎస్‌బీ 3.0 పోర్టులో సెకనుకు 100 ఎంబీ చొప్పున వెళ్లినా దాదాపు రెండు గంటలు పడుతుంది, పాత 2.0 పోర్టులోనైతే ఆరేడు గంటలు, చిన్న ఫొటోలు ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువే పట్టవచ్చు. తర్వాత రెండు డిస్క్‌లలోనూ ఫోల్డర్లపై రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు సరిపోయాయేమో చూడండి; అక్కడక్కడా కొన్ని వీడియోలను చివరిదాకా తెరిచి చూస్తే మరీ మంచిది. ఇంతవరకు వచ్చాక మీ 9 జీబీ వీడియో సమస్య కొత్త డిస్క్‌తోనే తీరిపోతుంది, పాతదాన్ని తొందరపడకుండా మార్చుకోవచ్చు. నిజానికి రెండో ప్రతి చేతిలో ఉన్నప్పుడు పాతదాన్ని కన్వర్ట్ చేయడం కంటే ఫార్మాట్ చేసి మళ్లీ నింపుకోవడమే శుభ్రమైన పని అని నా అభిప్రాయం.

రెండో ప్రతి తీసుకున్నాక, పాతదాన్ని మళ్లీ నింపేంత సమయం లేక కన్వర్టే చేయదలిస్తే, ముందుగా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపు, ఎరుపు హెచ్చరికలు కనిపించినా, లోపల టకటక శబ్దం వినిపించినా అక్కడితో ఆగిపోండి. బాగుందని తేలితే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లిషు అక్షరాల్లో ‘చెక్‌డిస్క్’ ఆదేశాన్ని (సీహెచ్‌కేడీఎస్‌కే) డ్రైవ్ అక్షరం, కోలన్, ఖాళీ, స్లాష్, ఎఫ్‌తో నడపండి. అది లోపాలను సరిదిద్దాక, కన్వర్ట్ అని రాసి, ఖాళీ వదిలి డ్రైవ్ అక్షరం, కోలన్, మళ్లీ ఖాళీ వదిలి స్లాష్, ఎఫ్‌ఎస్, కోలన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఇవ్వండి. డిస్క్‌కు పెట్టిన పేరు అడుగుతుంది; ఉన్నది ఉన్నట్టు రాయాలి. వేసవిలో మన కడప జిల్లాలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక ఈ పనిని యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌పై కాక, ఛార్జింగ్ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్‌పై, ఛార్జర్ పెట్టే చేయండి. పూర్తయ్యేదాకా కేబుల్ ముట్టుకోవద్దు.

స్టూడియోలో ఎవరైనా మ్యాక్ వాడుతుంటే ఒక మాట: మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను చదువుతుంది గానీ, మామూలుగా దానిలో రాయలేదు. అలాంటప్పుడు కొత్త డిస్క్‌ను విండోస్, మ్యాక్ రెండూ రాయగల ఎక్స్‌ఫ్యాట్ అనే మరో పద్ధతిలో ఫార్మాట్ చేసుకోండి. కెమెరాల్లోని 64 జీబీ కార్డులు మామూలుగా వాడే పద్ధతి కూడా అదే. అయితే ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చే కన్వర్ట్ లేదు, ఫార్మాట్ ఒక్కటే మార్గం.

ప్రశ్న: 16 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చాక కారులోని ప్లేయర్ గుర్తించడం లేదు. వెనక్కి కన్వర్ట్ చేయవచ్చా? — అనంతపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వీలుకాదమ్మా, కన్వర్ట్ ఒకవైపే పనిచేస్తుంది. పాటలను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, అవి తెరుచుకుంటున్నాయని చూసుకున్నాక, పెన్‌డ్రైవ్‌పై రైట్‌క్లిక్ చేసి ఫ్యాట్32 ఎంచుకుని ఫార్మాట్ చేయండి. తర్వాత పాటలను మళ్లీ అందులో వేసుకోండి.