పీటీఎస్‌డీ ఉన్న మనిషిని పంటు రేవుకీ, తీర్థానికీ తీసుకెళ్లాలంటే

పడవ ప్రమాదం నుంచి బతికి బయటపడ్డ మీ వారు పంటు (గోదారి దాటించే ఇంజను పడవ) ఎక్కే సఖినేటిపల్లి రేవులో బిగుసుకుపోతున్నారనీ, చూసినవాళ్లు తాగాడంటున్నారనీ రాశారు. పీటీఎస్‌డీ అంటే ప్రాణం మీదికొచ్చిన ఘటన తాలూకు భయం తర్వాత కూడా మనసుని వదలకపోవడం. ముందు మూగే జనం సంగతి చూసుకోవాలండీ. ఫిట్స్ అనుకుని తాళాలగుత్తి చేతిలో పెడతారు, భుజాలు పట్టి ఊపుతారు, మొహాన నీళ్లు కొడతారు. నీట మునిగి బతికిన మనిషికి ఆ నీళ్లు తగిలితే మళ్లీ మునుగుతున్నట్టే ఉంటుంది.

చొక్కా జేబులో ఒక అట్ట ఉంచండి, పెద్ద అక్షరాలతో: "నేను తాగలేదు. నాకు పీటీఎస్‌డీ ఉంది. నీళ్లు చల్లొద్దు, పట్టుకోవద్దు. ఎడంగా ఉండి ఈ నంబరుకి ఫోన్ చేయండి." లామినేషన్ చేయించండి, లేకపోతే చెమటకి చెదిరిపోతుంది.

మీరు ఎదురుగా నిలబడండి. వెనకనుంచి ముట్టుకోవద్దు. ఇది ఏ ఊరో, ఇవాళ ఏ వారమో నెమ్మదిగా చెప్పండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమనండి, రెండు మూడు నిమిషాలు. ఊపిరి బిగబట్టే ప్రాణాయామం మాత్రం వద్దు, మునిగినప్పటి ఉక్కిరిబిక్కిరి తిరగబెడుతుంది. కళ్లు తెరిచే ఉండాలి.

పంటు మీద ఇంజను చప్పుడు, డీజిల్ వాసన, కాళ్లకింద ఊపు మూడూ ఒక్కసారే మీద పడతాయి. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడం ఎప్పుడైనా ఒకసారి పర్వాలేదు. ప్రతిసారీ అదే అయితే భయం ముదురుతుంది, చివరికి గోదారి గట్టు కూడా ఎక్కలేరు. సైకాలజిస్టుతో మాట్లాడుకుని, మొదట పంటు ఎక్కకుండా రేవులో నిలబడటంతో మొదలుపెట్టండి. భయానికి పదికి ఎంతో ఆయన్నే చెప్పమనండి. ఎనిమిది దగ్గర వెనక్కి తెచ్చేస్తే, పారిపోయాను కాబట్టే బతికానని మెదడు నేర్చుకుంటుంది. సగానికి దిగేదాకా ఆగి రండి. అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లాకే పంటు ఎక్కడం.

కోనసీమలో సంక్రాంతికి జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థానికైతే జనం పలచగా ఉండగానే వెళ్లి, బాణసంచా మొదలవకముందే వచ్చేయండి. బస్సులో తలుపు దగ్గరి సీటు.

డాక్టరు దీనికి రాసే సెర్‌ట్రలిన్ లాంటి మందు పనిచేయడానికి వారాలు పడుతుంది, మధ్యలో మానేయొద్దు. కంగారు తగ్గి మత్తునిచ్చే ఆల్‌ప్రజోలం రోజూ మింగడం దీనికి వైద్యం కాదు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఉంది. వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి పాత మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. స్నానం, పని, నలుగురితో మాట ఎలా ఉన్నాయని అడుగుతారు. పరువుకోసం "బాగానే ఉన్నారండీ" అంటే శాతం తగ్గిపోతుంది. చాలా ప్రయోజనాలకి 40 శాతం ఉండాలి. రాత్రిపూట మరీ ఇబ్బందైతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ సాయం టెలి మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.