లేఓవర్‌లో ఒక పూట: వీస్‌బాడెన్ దాకా వెళ్లి రండి

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే విమానంలో క్యాబిన్ సిబ్బందిగా పనిచేస్తున్నాను. అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో బయలుదేరి ఉదయానికి అక్కడ దిగుతాం. మళ్లీ డ్యూటీ మరుసటి రోజే; ఈ మధ్య విరామాన్నే మేం లేఓవర్ అంటాం. కర్టెన్లు వేసుకుని సాయంత్రం దాకా పడుకుంటే రాత్రి 2 గంటలకే మెలకువ వస్తోంది. తోటివాళ్లతో హైడల్‌బర్గ్ వంటి ఊళ్లకు పరుగెడితే కాళ్లు పీకేస్తున్నాయి. ఒక్క పూటలో సేదతీరి రాగల చోటు ఏదైనా ఉందా అక్కా?
– ఒక సోదరి, అత్తాపూర్

జవాబు: చెల్లెమ్మా, వేసవిలో ఫ్రాంక్‌ఫర్ట్ మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, అక్కడి రాత్రి 2 గంటలు మీ ఒంటికి మన ఉదయం 5.30. పగలంతా నిద్రపోయిన మనిషికి ఆ వేళ మెలకువ రాకుండా ఎలా ఉంటుంది? గదికి చేరగానే రెండు మూడు గంటలు మాత్రమే పడుకుని, మధ్యాహ్నం వెలుతురులోకి వెళ్లి, రాత్రి పదింటి దాకా మేలుకొని ఉండడం అలవాటు చేసుకోండి. అందుకు నేనూ మీలాగే ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నమ్ముకున్న ఊరు వీస్‌బాడెన్.

విమానాశ్రయంలోని ప్రాంతీయ రైల్వే స్టేషన్ నుంచి ఎస్8, ఎస్9 రైళ్లు నేరుగా అక్కడికి వెళ్తాయి. ప్రయాణం సుమారు ముప్పావు గంట. హోటల్ నగరంలో ఉంటే అవే రైళ్లను ఫ్రాంక్‌ఫర్ట్ ప్రధాన స్టేషన్‌లో ఎక్కవచ్చు. తోడు వచ్చేవారుంటే ఐదుగురి దాకా చెల్లే గ్రూప్ డే టికెట్ కొనుక్కోవడం మేలు.

ఆ ఊళ్లో నేను ముందుగా వెళ్లేది నీరోబెర్గ్ కొండకు. 1888 నుంచి నడుస్తున్న అక్కడి కొండరైలుకు ఇంజన్ లేదు. బావి గిలకకు రెండు బొక్కెనలు కట్టినట్టు, ఒకే తాడుకు రెండు పెట్టెలు ఉంటాయి. పైనున్న పెట్టె తొట్టిలో 7000 లీటర్ల దాకా నీళ్లు నింపితే, ఆ బరువుకు అది దిగుతూ కింది పెట్టెను పైకి లాగుతుంది. కింద ఎంతమంది ఎక్కారో లెక్క పైకి చెబితే, దానికి తగినన్ని నీళ్లు పడతారు. దిగిన పెట్టె తన నీళ్లను భళ్లున వదిలేసే చప్పుడు వినడానికే నేను ఒక్కోసారి రెండు విడతలు ఆగేదాన్ని. పైన చెట్ల నీడ, కింద ద్రాక్షతోటలు, కాస్త పక్కగా బంగారు గుమ్మటాల రష్యన్ చర్చి ఉంటాయి. అక్కడ గంటసేపు ఊరికే కూర్చోండి. చలికాలంలో ఈ రైలు నడవదు.

తిరిగి ఊళ్లోకి వస్తే కోహ్‌బ్రునెన్ అనే వేడినీటి ఊట కనిపిస్తుంది. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే ఊరే గోరువెచ్చని నీటిని తలచుకుని వేలు పెట్టేరు, జాగ్రత్త. ఇది దాదాపు 66 డిగ్రీల వేడితో పొగలు కక్కుతూ, చుట్టూ రాతిపై తుప్పురంగు పొరలు పేర్చుకుంటూ పారుతుంది. స్నానం చేయాలనుకుంటే 1913 నాటి కైజర్ ఫ్రీడ్రిష్ స్నానశాల చాలా అందమైనదే కానీ, అక్కడ స్త్రీపురుషులు కలిసి, బట్టలు లేకుండా స్నానం చేయడం ఆనవాయితీ. తెలియక లోపలికి వెళ్లి, అదే వేగంతో బయటికి వచ్చిన మన అమ్మాయిలను నేనెరుగుదును. మనబోటి వాళ్లకు ఔకమ్‌టాల్ స్నానశాల నయం. అక్కడి కొలనులో ఈతదుస్తులతోనే దిగుతారు. విమానంలో గాలి తేమ తరచుగా 20 శాతం కంటే తక్కువే ఉంటుంది కాబట్టి, ముందు కడుపునిండా నీళ్లు తాగి, కొద్దిసేపే మునగండి. ఆ ప్రాంతపు ద్రాక్షసారాయి పేరున్నదే అయినా, డ్యూటీకి 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టరాదన్న మన నిబంధన మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆదివారం అక్కడ దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి కనుక సంచిలో పులిహోర పొట్లం ఉంచుకోండి. సాయంత్రం ఏడింటికల్లా గదికి చేరేలా రైలెక్కండి. ఎక్కాక మాత్రం ఫోన్‌లో అలారం పెట్టుకోవడం మరవకండి. ఆ రైళ్లు విమానాశ్రయం దాటి ఇంకా చాలా దూరం పోతాయి. వేడినీళ్ల స్నానం మత్తులో నేను ఒకసారి ఫ్రాంక్‌ఫర్ట్‌కు అవతల ఉన్న హనావ్‌లో కళ్లు తెరిచాను.