గిరిజన ఆరోగ్యం కో-ఆర్డినేటర్‌గా వేశారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కర్నూలులో ఒక మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఎంబీబీఎస్ వాళ్లకు గిరిజన ఆరోగ్యం బోధనను సమన్వయం చేసే పని ఈ ఏడాది నాకు అప్పగించారు. చేతిలో ఉన్నదల్లా ఆర్డరు కాగితం, ఫ్యామిలీ అడాప్షన్ (ఒక్కో విద్యార్థి కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం చూసే కార్యక్రమం) గంటలు. పిల్లల్ని చెంచు గూడేలకు తీసుకెళ్లాలని ఉంది. ఎట్లా చేయాలి?

జవాబు:

మేడం, మొదట కాగితం మీద లెక్క వేసుకోండి. బ్యాచ్‌లో 250 మంది, ఒక్కొక్కరికి మూడు కుటుంబాలు వేసుకున్నా 750 ఇళ్లు కావాలి. నల్లమలలో ఒక్కో గూడెంలో ఇళ్లు పదుల్లోనే ఉంటాయి. ఇక ఫ్యామిలీ అడాప్షన్ గంటలు మూడు దశల్లో 27, 30, 21, అంటే మొత్తం 78. టైంటేబుల్లో విజిట్‌కు మూడు గంటల చొప్పున పడతాయి. కర్నూలు నుంచి ఆత్మకూరుకే దాదాపు 70 కిలోమీటర్లు, ఆ పైన అడవి దారి. మూడు గంటలూ బస్సులోనే అయిపోతాయి. గూడెంలో దిగి, ఫొటో తీసుకుని, ఎక్కి రావడమే మిగులుతుంది.

అందుకని దత్తత కుటుంబాలను కర్నూలు దగ్గరి పల్లెల్లో, డోన్, పత్తికొండ వైపు సుగాలి (లంబాడీ) తండాల్లో పెట్టండి. చెంచు గూడేలకు ఏటా రెండే రెండు గూడేలు ఎంచుకుని, 20 నుంచి 25 మంది గ్రూపులుగా, రోజంతా ఉండేటట్టు పంపండి. మూడు విజిట్ల గంటలు కలిపితే ఒక పూర్తి రోజు వస్తుంది. దీనికి అకడమిక్ కమిటీ తీర్మానం ముందే చేయించుకోకపోతే హాజరు లెక్కల దగ్గర తగాదా వస్తుంది. ఒకే గూడేనికి ఏటా అందరినీ తోలితే అక్కడివాళ్లు విసిగిపోయి ఏ ప్రశ్నకైనా "బాగుండాము" అని పంపించేస్తారు. అది తప్పించుకోవడానికి చెప్పే జవాబే, దాన్ని డేటాగా రాసుకోవద్దు.

అనుమతుల విషయంలో కర్నూలువాళ్లు తరచూ ఒకచోట తడబడతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఆత్మకూరు, శ్రీశైలం వైపు గూడేలు నంద్యాల జిల్లాలోకి పోయాయి. కాలేజీ కర్నూలులో, గూడెం నంద్యాలలో. కర్నూలు డీఎంహెచ్‌ఓకు (జిల్లా వైద్యాధికారికి) ఒక్కరికే ఉత్తరం రాసి వెళితే అక్కడి పీహెచ్‌సీ డాక్టరుకు ఆ సంగతి తెలియదు. నంద్యాల డీఎంహెచ్‌ఓకు, శ్రీశైలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి, అటవీ శాఖకు మూడు ఉత్తరాలు వేరువేరుగా, కనీసం మూడు వారాల ముందు పోవాలి. అది పులుల అభయారణ్యం. అటవీ శాఖ ఉత్తరంలో బస్సు నంబరు, డ్రైవరు పేరు, మనుషుల సంఖ్య, తిరిగి బయటికి వచ్చే వేళ రాయండి. పొద్దుగూకక ముందే చెక్‌పోస్టు దాటేటట్టు పెట్టుకోండి. ప్లాస్టిక్ సీసాలు వద్దు, నీళ్ల క్యాన్లు చాలు.

తేదీలు కాలేజీ సౌకర్యాన్ని బట్టి వేయకండి. శివరాత్రికి, ఉగాదికి కాలినడకన శ్రీశైలం పోయే భక్తులు నాగలూటి, పెచ్చెరువు మీదుగానే నడుస్తారు. ఆ రోజుల్లో ఆ వైపు గూడెంవాళ్లు తీరిగ్గా దొరకరు. సంక్రాంతి తర్వాత అహోబిలం వైపు పారువేట (దేవుడు ఊరూరా తిరిగే ఉత్సవం) నడుస్తుంది. తేనె తీసే కాలంలో మగవాళ్లు అడవిలో ఉంటారు. ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి "ఏ వారం బాగుంటుందమ్మా" అని అడిగి, ఆ తర్వాతే ప్రిన్సిపాల్ ఆఫీసుకు పోండి.

ఇప్పుడు అసలు పాఠం. దీన్ని కమ్యూనిటీ మెడిసిన్‌లో ఒక గంట లెక్చరుగా పెడితే మిగతా డిపార్ట్‌మెంట్లు చేతులు దులుపుకుంటాయి. ప్రతి డిపార్ట్‌మెంటును ఒక్క గంటే అడగండి, కానీ ఏ అంశమో మీరే రాసుకుని వెళ్లండి. పాథాలజీలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) పసిగట్టే సికిలింగ్ టెస్టు, 2 శాతం సోడియం మెటాబైసల్ఫైట్‌తో. బయోకెమిస్ట్రీలో అదే జబ్బును హిమోగ్లోబిన్ రకాన్ని బట్టి తేల్చే ఎలక్ట్రోఫోరెసిస్. సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మొదలైంది, లక్ష్యం 2047, మన రాష్ట్రమూ అందులో ఉంది కాబట్టి ఆ రెండు డిపార్ట్‌మెంట్లూ కాదనవు. మైక్రోబయాలజీలో టీబీ క్రిమిని జన్యుపదార్థం ద్వారా పట్టే ట్రూనాట్ పరీక్ష. పీడియాట్రిక్స్‌లో జబ్బ చుట్టుకొలత: ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే తీవ్ర పోషకాహార లోపం. టేపు చేతిని నొక్కకుండా, వదులుగా లేకుండా, ఎడమ జబ్బ మధ్యలో పెట్టాలి. సగం మంది భుజానికి దగ్గరగా పెట్టి కొలుస్తారు.

ఫోరెన్సిక్ మెడిసిన్‌ను వదలొద్దు. పాముకాటు అక్కడే చెబుతారు కదా. 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష అడవి పక్క పీహెచ్‌సీలో నిజంగా పనికొస్తుంది. 2 మిల్లీలీటర్ల రక్తం కొత్త, పొడి గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబైనా, సబ్బుతో కడిగిన ట్యూబైనా వాడితే గడ్డకట్టాల్సిన రక్తం కూడా గడ్డకట్టదు, లేని విషం ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ ఒక్క పరీక్ష చేతితో చేయిస్తే లెక్చరు అక్కర్లేదు.

హిస్టరీ తీయడం (రోగిని అడిగి జబ్బు వివరాలు రాబట్టడం) దగ్గర మాత్రం ఎక్కువ టైం పెట్టండి. పిల్లలు మొదట అడిగే ప్రశ్న: "ఇన్ని రోజులు ఆస్పత్రికి ఎందుకు రాలేదు?" అది నేరం మోపినట్టు వినపడుతుంది. అవతలి మనిషి తల వంచుకుంటాడు, హిస్టరీ అక్కడితో ఆగిపోతుంది. అదే "ఇక్కడిదాకా ఎట్లా వచ్చినారు?" అని అడిగితే ఎంత నడిచింది, ఆటోకు ఎంత ఇచ్చింది, ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరికి అప్పగించింది, కూలి ఎన్ని రోజులు పోయింది, అన్నీ వస్తాయి. డిశ్చార్జి రోజున మందులు ఎన్ని రోజులకు రాయాలో ఆ జవాబే చెబుతుంది.

కేస్‌షీటులో "ఎస్టీ" అని రాయడం మాన్పించండి. చెంచు, సుగాలి, ఎరుకల, యానాది అని తెగ పేరే రాయాలి. చెంచులతో తెలుగు నడుస్తుంది, తండాలో ముసలమ్మకు మాత్రం గోర్ బోలీ (సుగాలీల భాష) తెలిసిన మనిషి కావాలి. చరిత్రలో కూడా తేడా ఉంది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకలవాళ్లను పుట్టుకతోనే నేరస్థులుగా పోలీసు రిజిస్టర్లకు ఎక్కించారు, దేశమంతటా 1952లో గానీ అది రద్దు కాలేదు. రిజిస్టరు పట్టుకుని ఇంటి ముందు నిలబడి పేర్లు అడిగితే అనుమానంగా చూస్తారంటే, దాని వెనక కారణం ఉంది. ఆ విషయం ఫీల్డుకు పోకముందే క్లాసులో చెప్పాలి.

మన దగ్గర కొత్తగా ఉంది గానీ బయట ఇది పాతదే. ఆస్ట్రేలియా మెడికల్ స్కూళ్లకు ఆదివాసీ ఆరోగ్యం మీద ఉమ్మడి పాఠ్య చట్రం 2004లోనే వచ్చింది. న్యూజిలాండ్‌లో మావోరీ నర్సు ఇరిహాపెటి రామ్స్‌డెన్ ముందుకు తెచ్చిన సాంస్కృతిక భద్రత అనే ఆలోచన నుంచి మీరు తీసుకోవాల్సింది ఒక్కటే: వైద్యం మర్యాదగా అందిందా లేదా తేల్చేది డాక్టరు కాదు, రోగి. ఫీడ్‌బ్యాక్ ఫారాలు పిల్లలకు మాత్రమే పంచి ఊరుకోకండి, గూడెంలో కూడా కూర్చుని అడగండి.

గూడెం నుంచి ఒక పెద్దమ్మనో, మంత్రసానినో పాఠం చెప్పడానికి పిలిస్తే గెస్టు లెక్చరరుకు ఇచ్చేంత డబ్బే ఇవ్వండి. శాలువా కప్పి పంపితే ఆమెకు ఆ రోజు కూలి పోయినట్టే. అకౌంట్స్ సెక్షన్ డిగ్రీ సర్టిఫికెట్ అడిగితే బిల్లు నెలల తరబడి ఆగుతుంది. అందుకే ఏడాది మొదట్లోనే కాలేజీ కౌన్సిల్‌లో "రిసోర్స్ పర్సన్" పేరుతో, అర్హత షరతు లేకుండా, ప్రయాణం, భోజనం కలిపి మొత్తం తీర్మానం చేయించండి. బ్యాంకు ఖాతా కేవైసీ లేక ఆగిపోయి ఉండొచ్చు, వేలిముద్రతో నగదు వోచరుకు కూడా ముందే ఒప్పించుకోండి.

మీ క్లాసులో ఎస్టీ విద్యార్థులు ఉంటారు. వాళ్లను నిలబెట్టి "మీ వాళ్లలో ఎట్లా చేస్తారు?" అని అడగొద్దు, ఏ టీచరునూ అడగనివ్వొద్దు. సలహా కమిటీలోకి పిలవండి, రాకపోతే వదిలేయండి.

రక్తం తీసే పని పిల్లల విజిట్‌తో కలపకండి. సికిల్ సెల్ రిపోర్టు ఎవరు, ఎప్పుడు తెచ్చి ఇంటికి ఇస్తారో ముందే తేలకపోతే ఒక్క బొట్టు కూడా తీయొద్దు. దాన్ని పరిశోధనగా రాసే ఉద్దేశం ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతి వేరే. ఫోన్లు బస్సులోనే ఉండాలి.

చివరగా పరీక్ష. ఇంటర్నల్ మార్కుల్లో లేని విషయానికి రెండో నెల నుంచి ఎవరూ రారు, ఇందులో పిల్లల్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఓస్కీలో (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేయించి మార్కులు వేసే ప్రాక్టికల్ పరీక్షలో) ఐదు నిమిషాల స్టేషన్ ఒకటి పెట్టండి: తండా నుంచి వచ్చిన తల్లి, చంకలో బిడ్డ, జబ్బ చుట్టుకొలత 11.2. టేపు సరిగ్గా పెట్టినందుకు సగం మార్కులు. మిగతా సగం, రేపు మళ్లీ రమ్మని చెప్పే ముందు ఎట్లా వస్తారో అడిగినందుకు.