‘తెలుసుకోవాలనే జిజ్ఞాస’ పునరుక్తా?

సందేహం: వేదాంత వ్యాసాల్లో ‘నేనెవరో తెలుసుకోవాలనే జిజ్ఞాస’ అని రాస్తుంటారు. జిజ్ఞాస అంటేనే తెలుసుకోవాలనే కోరిక కదా, ఇది పునరుక్తి కాదా? మీమాంసకూ అర్థం ఇదేనా? జిజ్ఞాస గలవాణ్ణి ‘జిజ్ఞాసి’ అనవచ్చా?

సమాధానం: పునరుక్తే. ‘జ్ఞా’ ధాతువుకు ఇచ్ఛార్థంలో ‘సన్’ ప్రత్యయం చేరి, మొదటి అక్షరానికి ద్విత్వం వచ్చి జిజ్ఞాస అయింది. తాగాలనే కోరిక పిపాస, తినాలనే కోరిక బుభుక్ష ఇలా వచ్చినవే. ‘తాగాలనే పిపాస’ అని ఎవరూ రాయరు గదా! ‘నేనెవరన్న జిజ్ఞాస’ అంటే చాలు. ‘ఆత్మజిజ్ఞాస’ అంటే ఇంకా క్లుప్తం. బ్రహ్మసూత్రాల్లో మొదటిది ‘అథాతో బ్రహ్మజిజ్ఞాసా’. అక్కడ ‘తెలుసుకోవాలనే’కు చోటే లేదు.

అయినా అలా రాసేవారిని మరీ తప్పుపట్టలేను. ఈ మాటల్లోని కోరిక తెలుగు చెవికి సులువుగా అందదు. శుశ్రూష అంటే వినాలనే కోరిక. గురువు మాట వినగోరేవాడు ఆయన్ని కనిపెట్టుకుని ఉంటాడు కాబట్టి అది సేవ అయింది. ఇప్పుడు రోగికీ శుశ్రూష చేస్తున్నాం. ఇక్కడ ‘వినాలనే కోరిక’ అని పట్టుబడితే నవ్వుతారు. జిజ్ఞాసకు ఆ స్థితి ఇంకా రాలేదు, అందుకే నేనైతే ‘తెలుసుకోవాలనే’ కొట్టేస్తాను.

మీమాంస సంగతి వేరు. అదీ సన్నంతమే (‘సన్’ చివర చేరినదే) గానీ, అందులో ‘సన్’ కోరికను చెప్పదు, అర్థం విచారణ. జైమిని సూత్రాలది పూర్వమీమాంస, బ్రహ్మసూత్రాలు రాసిన బాదరాయణుడిది ఉత్తరమీమాంస. రెంటి తొలి సూత్రంలోనూ ఉన్నది మాత్రం జిజ్ఞాసే: అక్కడ ధర్మజిజ్ఞాస, ఇక్కడ బ్రహ్మజిజ్ఞాస. తేల్చుకోలేక కొట్టుమిట్టాడేవాణ్ణి ‘మీమాంసలో పడ్డాడు’ అనడం వాడుకలో స్థిరపడింది, దాన్ని దిద్దనక్కర్లేదు.

శాస్త్రంలో ఆ ఊగిసలాటకు వేరే మాట ఉంది: విచికిత్స. కఠోపనిషత్తులో నచికేతుడు మూడో వరంగా యముణ్ణి అడిగింది దీని గురించే. ‘యేయం ప్రేతే విచికిత్సా మనుష్యే’: చనిపోయాక మనిషి ఉన్నాడని కొందరు, లేడని కొందరు అంటారే, ఆ సందేహం తీర్చమన్నాడు. వైద్యుడు చేసే చికిత్స కూడా ఆ ‘కిత్’ ధాతువు నుంచి వచ్చిందే. ‘విచికిత్సా తు సంశయః’ అని అమరకోశం. ఆ వెంటనే సందేహంతో పాటు ‘ద్వాపరం’ కూడా సంశయానికి పర్యాయపదంగా వస్తుంది. ఈ శీర్షికకు ‘ద్వాపరాలు – సమాధానాలు’ అని పేరు పెట్టినా వ్యాకరణం అడ్డుచెప్పదు, పాఠకులే యుగం మారిందనుకుంటారు!

ఇక ‘జిజ్ఞాసి’ వద్దు. సన్నంత ధాతువులకు ‘ఉ’ చేర్చి కర్తను చెప్పడం పాణిని విధించిన పద్ధతి. గీతలో నాలుగు రకాల భక్తుల్ని చెప్పినచోట ‘ఆర్తో జిజ్ఞాసుః’ అనే ఉంది. తెలుగులో దానికి ‘వు’ చేరుతుంది: జిజ్ఞాసువు, ముముక్షువు, పిపాసువు. భిక్షువు సన్నంతం కాకపోయినా, దానికి ‘ఉ’ చేర్చిందీ ఆ సూత్రమే.